చెయ్యి చేసుకునే పిల్లాడితో ఏం చెయ్యాలి

మా రాజోలు వైపు బళ్లలో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది కుళాయి దగ్గర, లేదంటే మధ్యాహ్న భోజనం వరుసలో. "వాడే ముందు కొట్టాడు టీచర్" అని ఇద్దరూ అంటారు. ఆ పంచాయితీ తెగదు, అందులో పడకండి. కొట్టినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాస్త కుదుటపడ్డాక మాట్లాడండి.

"ఎందుకు కొట్టావ్?" అంటే తలదించుకుంటాడు. "అంతకుముందు ఏం జరిగింది?" అనండి. చొక్కా మీద సాంబారు ఒలికిందని మా ఆరో తరగతి కుర్రాడు ముందున్నవాడి వీపు మీద గుద్దాడు. "కావాలనే పోశాడు" అంటాడు. వెనక పిల్లలు తోసుకొస్తే తనే వెళ్లి ఆ పళ్లేనికి తగిలానన్నది వాడికి తట్టనే లేదు. నీతులు చెప్పకుండా అదే వరుసలో నిలబెట్టి, జరిగింది మళ్లీ చేయించి చూపించండి. గుడ్డు లాక్కోడానికి కొట్టేవాడి సంగతి వేరు. వాడి చేతే గుడ్డు తిరిగి ఇప్పించాలి.

షాంఘై బడిపిల్లల మీద షిన్‌యిన్ చెన్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పనిచేశారు. కొట్టే పిల్లల్ని తోటివాళ్లు దూరం పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. అమెరికా వైపు అలాంటి పిల్లలు చాలామంది తమకేం తక్కువ అన్నట్టే ఉంటారు. చైనాలో మాత్రం ఒంటరితనం, దిగులు ఉన్నాయని వాళ్లే చెప్పుకున్నారు. అక్కడ తరగతిలో అందరి ముందూ ఒకరి తప్పొప్పులు ఒకరు ఎంచుతారు, అందుకే తానెవరికీ నచ్చనన్న సంగతి పిల్లాడికి దాగదంటారు చెన్. మన ప్రేయర్‌లో పేరు పిలిచి నిలబెట్టడం మాత్రం అంతకన్నా ఏం తక్కువ?

అందుకని కోపం వెనక దిగులుందేమో చూడండి. గొడవ ఏ రోజు, ఎక్కడ, ఎవరితో జరిగిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆ సాంబారు కుర్రాడి తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. శుక్రవారం ఫోన్ వస్తుంది. వాడి గొడవలన్నీ శనివారాలే! అప్పట్నుంచి శనివారం పొద్దున్నే లైబ్రరీ బీరువా తాళం వాడికిస్తున్నాను, నెమ్మదస్తుడైన ఇంకో పిల్లాణ్ణి తోడిచ్చి.

ఇంటికి కబురు పంపేటప్పుడు జాగ్రత్త. "మీవాడు కొట్టాడు" అంటే అక్కడ వాడికి తన్నులు ఖాయం. "మామ్మగారూ, వీడు సరిగ్గా నిద్రపోతున్నాడా?" అని మొదలుపెట్టండి. బడిలో బెత్తం ఎలాగూ కుదరదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదు. తిండి, నిద్ర తగ్గి వారాలు గడుస్తున్నా, తనను తానే గాయపరుచుకుంటున్నా ఆలస్యం చెయ్యకుండా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను. వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు.