మంచులో, ఐసు మీద ట్రాక్టర్ టైర్లకి పట్టు రావాలంటే

చలికాలంలో ట్రాక్టర్ గురించి ఎవరు అడిగినా "చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు" అనే అడుగుతారు, నాకు మాత్రం కదలకపోవడం కంటే ఆగకపోవడం అంటేనే భయం. కదలకపోతే ఉన్నచోటే ఉంటాం, వాలులో ఆగకపోతే ఇక బండి మన చేతిలో ఉండదు. అందుకని ఇక్కడ చెప్పేవన్నీ ఆగడాన్ని కూడా లెక్కలో పెట్టుకునే చెప్తున్నా.

ముందు మీ టైరు ఏ రకమో చూసుకోండి. పొలం పనికి వాడే ఆర్-1 టైర్లకి ఏటవాలుగా పెద్ద పెద్ద లగ్గులుంటాయి (పైకి పొడుచుకొచ్చిన రబ్బరు కడ్డీలు) కదా, అవి వదులు మంచులో బాగానే దిగి పట్టుకుంటాయి, ఇరుక్కున్న మంచుని తిరిగేటప్పుడు అవే బయటికి విసిరేస్తాయి. అదే ఐసు మీదకి వచ్చేసరికి దిగడానికి ఏమీ ఉండదు, ఆ లగ్గుల నున్నటి పైభాగం మాత్రమే నేలకి ఆనుతుంది, అంతే, జారిపోతుంది. లోడర్ (ముందు బకెట్ ఉండే) ట్రాక్టర్లకి వచ్చే వెడల్పు లగ్గుల ఆర్-4 కూడా ఐసు మీద అంతంత మాత్రమే. ఆశ్చర్యంగా అనిపిస్తుంది గానీ లాన్ల కోసం చేసిన టర్ఫ్ టైర్లు అణిగిపోయిన మంచు మీద వీటికంటే నయం, చిన్న చిన్న బ్లాకులు ఎక్కువ కాబట్టి పట్టుకునే అంచులూ ఎక్కువే. లోతు మంచులో మాత్రం వాటి సందులు పూడుకుపోతాయి. ఫిన్లాండ్ కంపెనీ నోకియన్ ట్రాక్టర్ల కోసమే బ్లాక్ డిజైన్‌తో చలికాలం టైర్లు చేస్తుంది, ఏటా నెలల తరబడి మంచు తీసే పనే ఉన్నవాళ్లు అలాంటివి చూడొచ్చు.

టైరు మార్చకుండా ముందు చెయ్యగలిగింది బరువు పెంచడం. వెనక చక్రాల్లో ద్రవం నింపిస్తే ఆ బరువు నేరుగా టైరు మీదే పడుతుంది, యాక్సిల్ మీద భారం ఉండదు. వాల్వు పైకి ఉండేలా చక్రం తిప్పి ఆ ఎత్తు వరకు నింపుతారు, అంటే టైరులో దాదాపు 75 శాతం. మామూలు నీళ్లు మాత్రం వద్దు, గడ్డకట్టేస్తాయి. కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు బరువూ ఉంటాయి, గడ్డా కట్టవు, కానీ ఎక్కడ కొంచెం కారినా రిమ్ముని తినేస్తాయి. చక్కెర దుంపల నుంచి చేసే ద్రవం లీటరుకి సుమారు 1.3 కిలోలు తూగుతుంది, తుప్పు పట్టించదు, ఖర్చు ఎక్కువైనా నేనైతే దానికే ఓటేస్తా. ముందు లోడర్ ఉంటే వెనక హిచ్‌కి (పనిముట్లు తగిలించే చోటికి) బరువు పెట్టె తగిలించడం తప్పనిసరి, లేకపోతే బకెట్ నిండగానే వెనక చక్రాలు తేలికైపోతాయి, పట్టూ పోతుంది బ్రేకూ పోతుంది.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడిపోతే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, కాబట్టి వెచ్చని షెడ్డులో కాకుండా బయట చలిలో చెక్ చేసుకోండి. గాలి కొంచెం తక్కువుంటే పట్టు పెరిగే మాట నిజమే, కానీ టైరు కంపెనీ పట్టికలో చెప్పిన దానికంటే కిందకి దించితే రిమ్ము మీద టైరు జారుతుంది, చైన్లు వదులైపోతాయి.

ఇక అసలు మందు చైన్లే. గట్టి ఐసు మీద వీటికి సాటి వచ్చేది ఏదీ లేదు. కానీ కొనేటప్పుడు ఒకటి బాగా చూడాలి, నిచ్చెన మెట్లలా అడ్డంగా గొలుసులుండే మామూలు రకం ఆర్-1 టైరుకి వేస్తే ఆ అడ్డ గొలుసులు వెళ్లి లగ్గుల మధ్య సందులో పడిపోతాయి, పైన రబ్బరే నేలకి తగులుతుంది, డబ్బులు దండగ. ఆ టైర్లకి వల లాగా అల్లిన రకం గానీ, అడ్డ గొలుసుల్ని మధ్యలో కలుపుతూ ఇంకో గొలుసు ఉండే రకం గానీ తీసుకోవాలి. ఐసే ఎక్కువైతే లింకుల మీద వి ఆకారంలో ఇనప ముక్కలు వెల్డింగ్ చేసినవి ఇంకా బాగా కరుస్తాయి, అయితే కాంక్రీటుని కూడా గీరేస్తాయి. రోడ్డెక్కేపని ఉంటే అక్కడి రూల్ కనుక్కోండి.

వేసేటప్పుడు చైన్ నేల మీద మెలికలు లేకుండా పరిచి, హుక్కుల కొనలు టైరు వైపు కాకుండా బయటికి ఉండేలా చూసుకుని (లేకపోతే సైడ్‌వాల్ కోసేస్తాయి) ముందు లోపలి వైపు, తర్వాత బయటి వైపు తగిలించి బిగించండి. కొంచెం దూరం నడిపి మళ్లీ బిగించాలి, మొదటిసారి ఎంత లాగినా తర్వాత వదులవుతుంది. మడ్‌గార్డుకీ హైడ్రాలిక్ పైపులకీ తగులుతుందేమో చెయ్యి పెట్టి చూడండి. ముందు చక్రాలకైతే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి, ఒక చక్రం ఎత్తు మీద ఉన్నప్పుడు కూడా చూడాలి, యాక్సిల్ ఒక పక్కకి ఒరిగినప్పుడే చైన్ వెళ్లి తగిలేది. ఒక్క జత కొనే స్తోమతే ఉంటే వెనక చక్రాలకే, చాలా ట్రాక్టర్లకి బ్రేకులుండేది అక్కడే.

నడపడంలో, వాలు దిగేటప్పుడు ఫోర్ వీల్ (నాలుగు చక్రాలూ ఇంజన్‌తో కలిసేలా) వేసే దిగండి, అప్పుడే ముందు చక్రాలు కూడా ఆపడానికి సాయపడతాయి. రెండు బ్రేకు పెడల్స్ కలిపి లాక్ చెయ్యండి, చిన్న గేరులో దిగండి, మధ్యలో క్లచ్ నొక్కొద్దు. హైడ్రోస్టాటిక్ (నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే రకం) అయితే నడిపే పెడల్ మీంచి కాలు ఒక్కసారిగా తీస్తే చక్రాలు లాకై జారతాయి, మెల్లగా వదలాలి. బకెట్ ఎప్పుడూ కిందకే ఉండాలి, జారడం మొదలైతే దాన్ని నేలకి దించడమే మంచి బ్రేకు. డిఫ్ లాక్ (రెండు వెనక చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది) చక్రం జారి తిరగడం మొదలయ్యాక కాదు, ముందే వెయ్యాలి, మలుపు వచ్చేలోపు తీసెయ్యాలి. రోల్ బార్ (బండి బోల్తా పడితే కాపాడే ఇనప చట్రం) పైకి లేపి సీట్ బెల్ట్ పెట్టుకోండి.

ఇరుక్కుపోతే యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చోవద్దు, తిరిగే చక్రం కింద మంచు కరిగి మళ్లీ అద్దంలా గడ్డకడుతుంది. ఆపి, దిగి, టైరు ముందూ వెనకా ఇసుక గానీ గరుకు కంకర గానీ చల్లి, వచ్చిన జాడల్లోనే మెల్లగా వెనక్కి రండి.