సైబర్ మోసం జరిగితే ముందు 1930, ఆ తర్వాతే మిగతావన్నీ

ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని, మోసం చేసినవాడికే మళ్ళీ ఫోన్ చేసి బతిమాలడం, లేదంటే తిట్టడం. దయచేసి ఆ పని చేయకండి. మీరు వాడితో మాట్లాడే ఆ పది నిమిషాల్లో డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటిపోవచ్చు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకి పరుగెత్తడం, ఫారం నింపడం అన్నీ దాని తర్వాతే.

ఇంత తొందర ఎందుకంటే, దొంగలు డబ్బుని ఒక్క ఖాతాలో ఉంచరు. ఎవరెవరి పేర్లమీదో అద్దెకు తీసుకున్న ఖాతాల్లోకి ముక్కలు చేసి పంపి, చివరికి ఏటీఎంలోనో ఇంకో రూపంలోనో తీసేసుకుంటారు. మీరు 1930కి చెప్పిన వివరాలు ఆ డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తాయి. అక్కడ ఇంకా ఉంటే దాన్ని కదలకుండా ఆపేస్తారు, అప్పటికే ముందుకి వెళ్ళిపోయి ఉంటే తర్వాతి బ్యాంకుని అప్రమత్తం చేస్తారు. అంటే ఈ పరుగులో మీరు ఎంత ముందుంటే అంత మిగులుతుంది. ఇది కేంద్ర హోం శాఖ పెట్టిన వ్యవస్థ, ఫోన్ ఎత్తేది మాత్రం రాష్ట్ర పోలీసులే. 155260 అని పాత నంబరు ఇంకా కొన్ని వాట్సాప్ మెసేజ్‌ల్లో తిరుగుతోంది, దాన్ని పట్టించుకోకండి.

ఫోన్‌లో వాళ్ళు అడిగేది మీ పేరు, మొబైల్ నంబరు, ఏ బ్యాంకు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, అన్నిటికంటే ముఖ్యంగా యూటీఆర్ నంబరు, అంటే ఒక్కో చెల్లింపుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. యూపీఐ చెల్లింపు అయితే అది 12 అంకెలు. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యాప్‌లో హిస్టరీకి వెళ్ళి ఆ చెల్లింపు మీద నొక్కితే కనిపిస్తుంది, బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్‌లో కూడా చాలావరకు ఉంటుంది. నాలుగుసార్లు డబ్బు వెళ్తే నాలుగు నంబర్లూ కాగితం మీద రాసుకుని చదవండి, టెన్షన్‌లో ఒక్క అంకె తప్పు చెప్పినా వెతుకులాట ఆలస్యమవుతుంది. లైన్ బిజీ వస్తే వదలకుండా చేస్తూనే ఉండండి, ఈలోపు ఇంట్లో ఇంకొకరు బ్యాంకు కస్టమర్ కేర్‌కి చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించాలి. ఆ నంబరు గూగుల్‌లో వెతక్కండి, దొంగ నంబర్లు అక్కడే ఉంటాయి. కార్డు వెనకాల చూసి చేయండి.

పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) నొక్కాక డబ్బు పోయిందా? అయితే ఆ ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేసి, వేరే ఫోన్ నుంచి 1930కి చేయండి. మీ ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు మోసం చేసినవాడికి కూడా కనిపిస్తూ ఉండొచ్చు.

1930లో చెప్పాక మీ మొబైల్‌కి ఫిర్యాదు నంబరుతో మెసేజ్ వస్తుంది. పని అక్కడితో అయిపోలేదు, 24 గంటల్లోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. అడ్రస్ మీరే టైప్ చేయండి, వెతికితే వచ్చిన లింకు నొక్కకండి. లాగిన్‌కి ఓటీపీ వస్తుంది కాబట్టి చేతిలో పనిచేసే మొబైల్ ఉండాలి. ఆధార్, పాన్ లాంటి ఏదో ఒక గుర్తింపు కార్డు ఫోటో, చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాడి నంబరు కనిపించేలా తీసిన చాట్ ముందే ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే మధ్యలో ఆగక్కర్లేదు. సిగ్గుగా ఉందనో కోపం వచ్చిందనో చాట్ డిలీట్ చేయకండి, అదే మీ సాక్ష్యం.

చాలామంది తడబడేది ఏం జరిగిందో రాసే పెట్టె దగ్గర. కనీసం 200 అక్షరాలు ఉండాలి, ఎట్, హ్యాష్, డాలర్ లాంటి గుర్తులు ఉంటే తీసుకోదు. బాధంతా అక్కడ రాయకండి, జరిగింది జరిగిన వరసలో రాయండి. ఇదిగో ఇలా: "మార్చి 12 ఉదయం 10 గంటల 20 నిమిషాలకు ఫలానా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి అని చెప్పి కేవైసీ అప్‌డేట్ చేయాలన్నారు. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి వివరాలు ఇచ్చాను. 10 గంటల 41 నిమిషాలకు నా ఖాతా నుంచి 48000 రూపాయలు ఫలానా యూటీఆర్ నంబరుతో వెళ్ళాయి." ఓటీపీ మీరే చెప్పి ఉంటే చెప్పాననే రాయండి, దాస్తే కేసు బలహీనపడుతుంది.

బ్యాంకుకి విడిగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు నంబరు తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన 3 పనిదినాల్లోపు మీరు బ్యాంకుకి తెలియజేస్తే ఆ నష్టం మీది కాదు. ఓటీపీ చెప్పేసిన సందర్భంలో కూడా, మీరు తెలియజేశాక పోయిన డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. అందుకే ఆ ఫిర్యాదు ఏ టైముకి ఇచ్చారన్నది అంత ముఖ్యం.

పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినంత మాత్రాన ఎఫ్ఐఆర్ అయినట్టు కాదు. స్టేషన్ నుంచి కబురు రాకపోతే మీరే ఆ నంబరు పట్టుకుని వెళ్ళండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా స్టేషన్‌లో సమాచారం తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇచ్చిన సమాచారం మీద 3 రోజుల్లోగా మీరు సంతకం చేయాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే విషయమంతా రాసి ఎస్పీకి పంపే హక్కు మీకుంది.

ఆపిన డబ్బు దానంతటది మీ ఖాతాలోకి రాదు, మామూలుగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా బాధితులకి వెనక్కి ఇప్పించారు, మీ కేసు చూసే పోలీసుల్ని ఆ దారి గురించి అడగండి.

ఆడవాళ్ళ, పిల్లల ఫోటోలు, వీడియోలకి సంబంధించిన అసభ్యమైన నేరాలైతే అదే పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది జరిగితే, "ఎందుకిచ్చావు, చదువుకున్నావు కదా" అని ముందు నిలదీయకండి. ఆ మాటకి భయపడే చాలామంది రెండు మూడు రోజులు బయటికి చెప్పరు. ఇక ఫిర్యాదు చేసిన కొన్నాళ్ళకి, "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. పోలీసులు డబ్బు తిరిగివ్వడానికి ఫీజు అడగరు. ఆ నంబరుని కూడా ఫిర్యాదు చేయండి.