సెజ్ వచ్చాక స్థానికులకు దక్కిన ఉపాధిని లెక్కగట్టే విధానం

పన్ను, సుంకం రాయితీలతో పరిశ్రమలకు కేటాయించే ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) వచ్చిన చోట ఉపాధి నిజంగా పెరిగిందో లేదో తేల్చాలంటే, శంకుస్థాపన నాడు ప్రకటించిన ఉద్యోగాల సంఖ్యను ముందుగా పక్కన పెట్టాలి. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2019 నివేదిక ప్రకారం అప్పటికి ప్రపంచంలో దాదాపు 5,400 మండళ్లు ఉండేవి. అన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు కాబట్టి దేనికదే విడిగా పరిశీలించక తప్పదు.

పోయిన పనుల లెక్కతోనే మొదలుపెట్టాలి. భూ యజమానికి పరిహారం అందుతుంది. కౌలుదారు, వ్యవసాయ కూలీ, పశువుల కాపరి పేర్లు మాత్రం చాలాసార్లు ఏ కాగితం మీదా కనిపించవు. అందుచేత విత్తు నాటినప్పటి నుంచి పంట ఇంటికి చేరేదాకా ఏ పొలంలో ఎందరు, ఎన్ని రోజులు, ఎంత కూలికి పనిచేసేవారో భూసేకరణకు ముందే ఇంటింటికీ వెళ్లి రాసుకోవాలి. నేల చదునయ్యాక, వలస పోయిన కుటుంబాలను వెతికి పట్టుకుని ఆ వివరాలు రాబట్టడం దాదాపు అసాధ్యం. ఈ ఒక్క పని సరిగా జరగకపోతే మిగతా లెక్కంతా కంపెనీ వైపే మొగ్గుతుందని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత కొత్త ఉద్యోగాలను విడదీసి చూడాలి. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి, కార్మికుల మెడలోని గుర్తింపు కార్డు మీద కంపెనీ పేరుందా, లేబర్ కాంట్రాక్టరు పేరుందా అని గమనిస్తే సగం విషయం తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్లవారికి యంత్రాల మీద పని దొరికిందా, లేక కాపలా, ఊడ్చే పనులే మిగిలాయా అన్నది అడిగి తెలుసుకోవాలి. దుస్తులు, ఎలక్ట్రానిక్స్ తయారయ్యే అనేక మండళ్లలో కార్మికుల్లో స్త్రీలే ఎక్కువ. చేతికి సొంత జీతం రావడం వారికి చిన్న విషయం కాదు. అయితే ప్రసవం తర్వాత మళ్లీ పనిలోకి తీసుకుంటున్నారా అన్నది కూడా నమోదు చేయాలి.

గేటు బయట పుట్టే ఉపాధి కొనుగోళ్లను బట్టి ఉంటుంది. ముడిసరుకు సుంకం లేకుండా దిగుమతి అవుతుంటే స్థానిక వర్క్‌షాపులకు ఆర్డర్లు రాకపోవచ్చు. అయితే మలేషియాలోని పెనాంగ్‌లో 1972లో మొదలైన స్వేచ్ఛా వాణిజ్య మండలం చుట్టూ స్థానిక విడిభాగాల సంస్థలు ఎదిగాయి. 1989లో అక్కడ పరిశ్రమల భాగస్వామ్యంతో నైపుణ్య శిక్షణ కేంద్రం కూడా ఏర్పడింది.

రాయితీలు తొలగిస్తే ఈ ఉద్యోగాలు నిలుస్తాయా అన్నదీ చూడాలి. మడగాస్కర్‌కు ఇచ్చిన సుంకం మినహాయింపును అమెరికా 2010లో నిలిపివేయడంతో ఎగుమతి దుస్తుల ఫ్యాక్టరీల్లో వేలమంది ఉపాధి కోల్పోయారు. కాబట్టి పన్ను మినహాయింపు గడువు ముగియడానికి ఏడాది ముందు ఒకసారి, ముగిశాక మరోసారి, మొదట వివరాలు తీసుకున్న కుటుంబాల దగ్గరికే వెళ్లి సర్వే చేయాలి.