సాఫ్ట్‌వేర్ రేడియో నేర్చుకుందాం – 4వ పాఠం: ఫైబర్ మీద ఎంత డేటా పోతుంది?

ఐ, క్యూ శాంపిళ్లు (రేడియో సిగ్నల్‌ను క్షణక్షణం కొలిచి రాసే అంకెల జతలు) ఎలా తయారవుతాయో పోయిన పాఠంలో చూశాం. టవర్ మీది రేడియో నుంచి వాటిని కింది బేస్‌బ్యాండ్ యూనిట్‌కు (సిగ్నల్ లెక్కలు చేసే పెట్టెకు) ఫైబర్ మీద పంపడానికి ఎంత వేగం కావాలో ఈసారి లెక్క కడదాం.

ముందు కాస్త చరిత్ర. తొలి జీఎస్‌ఎం (2జీ) బేస్ స్టేషన్లలో ఒక్కో క్యారియర్‌కు, అంటే వాడే ఒక్కో ఫ్రీక్వెన్సీకి, ఒక్కో ట్రాన్సీవర్ (సిగ్నల్ పంపి, అందుకునే కార్డు) ఉండేది. క్యారియర్ పెంచాలంటే కార్డు కొనాల్సిందే. 2004లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆమోదం పొందిన తొలి సాఫ్ట్‌వేర్ రేడియో, వాను అనే కంపెనీ చేసిన జీఎస్‌ఎం బేస్ స్టేషన్. అందులో సిగ్నల్ పనంతా మామూలు సర్వర్ ప్రాసెసర్ మీద నడిచేది. 2008 తర్వాత పెద్ద తయారీదారులు కూడా 2జీ, 3జీ, 4జీలను ఒకే పరికరంలో ఇవ్వడం మొదలుపెట్టారు. అలాగని బ్రోషర్లలో రాసినంతా నమ్మకండి. ఫిల్టర్, పవర్ యాంప్లిఫయర్ తమ బ్యాండ్‌కే కట్టుబడి ఉంటాయి. 900 మెగాహెర్ట్జ్‌కు చేసిన రేడియోలో ఏ సాఫ్ట్‌వేర్ వేసినా అది 2600లో పనిచేయదు.

ఇక లెక్క. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (4జీ) తీసుకుందాం. సబ్‌క్యారియర్ల (డేటాను పంచుకుని మోసే సన్నని ఫ్రీక్వెన్సీల) మధ్య దూరం 15 కిలోహెర్ట్జ్, ఎఫ్‌ఎఫ్‌టీ (శాంపిళ్లను సబ్‌క్యారియర్లుగా విడదీసే లెక్క) సైజు 2048. రెండిటినీ గుణిస్తే సెకనుకు 3.072 కోట్ల శాంపిళ్లు, అంటే 30.72 మెగాశాంపిళ్లు. ఇది 3జీ చిప్ రేటు (3జీ సిగ్నల్‌లోని కోడ్ ముక్కలు వెళ్లే వేగం) అయిన 3.84 మెగాకు సరిగ్గా 8 రెట్లు. ఒకే క్లాక్‌తో రెండూ నడవాలని కావాలనే అలా కుదిర్చారు.

ఒక్కో శాంపిల్‌లో ఐకి 15 బిట్లు, క్యూకి 15 బిట్లు అనుకుందాం. 30.72ను 30తో గుణిస్తే సెకనుకు 921.6 మెగాబిట్లు. రేడియోకూ బేస్‌బ్యాండ్‌కూ మధ్య 2003 నుంచి వాడుకలోకి వచ్చిన సీపీఆర్‌ఐ పద్ధతిలో ప్రతి 16 పదాల్లో (బిట్ల గుంపుల్లో) ఒకటి కంట్రోల్‌కు పోతుంది. కాబట్టి 16/15తో గుణించండి: 983.04. ఆపైన 8 బిట్లను 10గా మార్చి పంపే లైన్ కోడింగ్ ఉంది. దాంతో 1228.8. ఒక్క యాంటెన్నాకే ఇంత! పైగా ఫోన్లు ఒక్కటీ వాడకపోయినా ఇంతే. తెల్లవారుజామున మూడింటికి కూడా ఫైబర్ నిండుగానే ఉంటుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే.

5జీకి వచ్చేసరికి ఇక కుదరలేదు. 100 మెగాహెర్ట్జ్, 122.88 మెగాశాంపిళ్లు, 64 యాంటెన్నాలు: శాంపిల్‌కు అవే 30 బిట్లనుకుంటే, కంట్రోల్, కోడింగ్ కలపకముందే సెకనుకు దాదాపు 236 గిగాబిట్లు. అందుకే 2017లో సీపీఆర్‌ఐకి కొత్త రూపంగా ఈసీపీఆర్‌ఐ వచ్చింది. రేడియోకూ బేస్‌బ్యాండ్‌కూ పని పంచడంలో అది అనుమతించే ఒక విభజనలో ఎఫ్‌ఎఫ్‌టీ పని రేడియోలోనే జరుగుతుంది. ఎల్‌టీఈలో 2048 సబ్‌క్యారియర్లకు పనికొచ్చేవి 1200 మాత్రమే, మిగతావి కిందికి పంపక్కర్లేదు. బీమ్‌ఫార్మింగ్‌ (యాంటెన్నాల సిగ్నళ్లను కలిపి ఒక దిక్కుకు గురిపెట్టడం) కూడా పైనే చేస్తే 64 యాంటెన్నాల డేటాకు బదులు కొద్దిపాటి స్ట్రీములే (డేటా ధారలే) కిందికి దిగుతాయి. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లోకి దింపుకుంటూ వచ్చిన పనిలో కొంత ఇలా మళ్లీ టవర్ మీది చిప్‌లోకి ఎక్కింది.

అభ్యాసం: 10 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ, రెండు యాంటెన్నాలు, శాంపిల్ రేటు 15.36. సీపీఆర్‌ఐ లైన్ రేటు ఎంత? మీకు 1228.8 రావాలి. 614.4 వస్తే రెండో యాంటెన్నాను మరిచిపోయారన్నమాట.