కాలేజీ మారాలనుకునే కొత్తవాళ్లకు: కోచ్‌ల కథలు విని బెదిరిపోకండి

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, ఇండియన్ స్టోరుకి ఏ బస్సు వెళ్తుంది, ఇవన్నీ మీ సీనియర్లు చెప్తారు. అవి నేను రాయను. నాకున్నది ఒకటే బెంగ: అమెరికాలో చేరిన కాలేజీ నచ్చకపోతే బయటపడేదెలా అన్నది తెలీక మనవాళ్లు పడే అవస్థ.

ఈమధ్య కొత్తగా దిగిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, వేరే యూనివర్సిటీలో అడ్మిషన్ వచ్చింది. కానీ మా కాలేజీవాళ్లు రిలీజ్, అదే వెళ్లడానికి అనుమతి, ఇవ్వరంట. ఇక్కడ బాస్కెట్‌బాల్ ప్లేయర్లనే వదలరంట కదా!" ఎవడో రూమ్మేట్ పాత వార్త ఒకటి చూపించి నిద్ర లేకుండా చేశాడు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఎందుకంటే 2012 జనవరిలో విస్కాన్సిన్‌లో దిగినప్పుడు నన్నూ ఇదే కథతో భయపెట్టారు. చలికి బయటికి వెళ్లలేం, క్లాసు అర్థం కాదు, మారదామంటే "కాలేజీ వదలదు, వీసా పోతుంది" అని చుట్టూ ఉన్నవాళ్లే జోస్యాలు. ఆ ఏప్రిల్‌లో ఊరంతా జారడ్ ఉథాఫ్ పేరే.

ఉథాఫ్ అయోవా రాష్ట్రం కుర్రాడు. విస్కాన్సిన్ జట్టులో మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా రెడ్‌షర్ట్‌గా ఉండి, వేరే చోటికి వెళ్తానన్నాడు. కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ అప్పటి నియమం ఏమిటంటే, ఇంకో కాలేజీ కోచ్ ఆటగాడితో మాట్లాడాలంటే పాత కాలేజీ రాతపూర్వకంగా అనుమతివ్వాలి. ఇవ్వకపోతే కొత్త చోట మొదటి ఏడాది స్కాలర్‌షిప్ రాదు. అనుమతి వచ్చినా బాస్కెట్‌బాల్‌లో మారినవాడు మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిందే. కోచ్ బో రయాన్ అనుమతిచ్చాడు, కానీ పక్కనే పొడుగాటి నిషేధ జాబితా పెట్టాడు: తమ బిగ్ టెన్ లీగ్ జట్లన్నీ, ఏసీసీ లీగ్ జట్లన్నీ, పైగా అయోవా స్టేట్, మార్క్వెట్ యూనివర్సిటీలు. సొంత లీగ్‌లోకి వద్దనడం అప్పట్లో మామూలే. ఇంకో లీగ్ మొత్తానికి తలుపు వేయడమే జనానికి మింగుడు పడలేదు. పత్రికలు ఏకిపారేశాయి. రయాన్ జాతీయ రేడియోలో కూర్చుని, నియమాల్లో ఉన్నదే చేశాననీ, నచ్చకపోతే అప్పీలు ఉందనీ వాదించాడు. ఆ ఇంటర్వ్యూతో గొడవ చల్లారకపోగా ఇంకా రాజుకుంది. ఆ వారంలోనే కాలేజీ వెనక్కి తగ్గి బిగ్ టెన్ వరకే నిషేధం ఉంచింది.

ఉథాఫ్ చివరికి వెళ్లింది ఎక్కడికనుకున్నారు? ఆ బిగ్ టెన్‌లోనే ఉన్న అయోవా యూనివర్సిటీకి. మొదటి ఏడాది ఫీజు సొంతంగా కట్టుకుని, ఆడకుండా కూర్చుని మరీ. 2016కల్లా ఆ లీగ్ ఉత్తమ ఆటగాళ్ల మొదటి జట్టులో చోటు కొట్టాడు.

అందరికీ అలా కలిసిరాలేదు. సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీలో టాడ్ ఒబ్రయన్ డిగ్రీ పూర్తి చేసి, మిగిలిన ఒక్క ఏడాది యూఏబీలో (బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ) పీజీ చేస్తూ ఆడతానన్నాడు. కాలేజీ ఒప్పుకోలేదు, ఎన్‌సీఏఏ కూడా కాదంది. 2011 డిసెంబరులో అతనే తన గోడు పత్రికలో రాసుకుంటే దేశమంతా కోచ్ ఫిల్ మార్టెల్లిని తిట్టింది. కాలేజీ మాత్రం కదల్లేదు.

మనలాంటి విదేశీ విద్యార్థులు చదవాల్సింది లెటీసియా రొమెరో సంగతి. స్పెయిన్ అమ్మాయి, కాన్సస్ స్టేట్‌లో ఒక సీజన్ ఆడింది. 2014లో ఆమె కోచ్‌ని కాలేజీయే తీసేసింది. తనని తెచ్చిన మనిషే లేనప్పుడు ఇక్కడెందుకు, వెళ్తానంది. కాలేజీ కుదరదంది, అప్పీలు కమిటీ కూడా కుదరదంది. నెలల తరబడి విమర్శలు వచ్చాక జూన్‌లో వదిలారు. ఆమె ఫ్లోరిడా స్టేట్‌కి వెళ్లింది, 2016 ఒలింపిక్స్‌లో స్పెయిన్‌తో రజతం గెలిచింది.

2017లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వంతు. కామెరాన్ జాన్సన్ మూడేళ్లకే డిగ్రీ ముగించి నార్త్ కరోలినాకి వెళ్తానంటే, లీగ్ ఒకటే కాబట్టి ఏడాది కూర్చోవాలన్నారు. అతను బహిరంగంగా ప్రకటన విడుదల చేశాడు, వాళ్లు దిగొచ్చారు. అక్కడి కోచ్ కెవిన్ స్టాలింగ్స్ ముందు ఏడాదే వాండర్‌బిల్ట్ వదిలి వచ్చాడు. ఆయన్ని ఎవరూ ఏడాది కూర్చోబెట్టలేదు! నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

సరే, ఇదంతా గతం. 2018 అక్టోబరులో అనుమతి నియమం పోయి, మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు ఎక్కించే ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. ఆటగాడు వెళ్తానని చెప్తే చాలు, కోచ్ సంతకంతో పనిలేదు. 2021లో ఒకసారి, 2024లో ఎన్నిసార్లయినా, కూర్చోకుండా మారి ఆడొచ్చన్నారు. ఇప్పుడు ఏ వసంతానికి ఎవరు మిగులుతారో తెలీక కోచ్‌లే లబోదిబోమంటున్నారు. నాకు పెద్దగా జాలి లేదు.

ఇక మీ సంగతి. నిజం చెప్పాలంటే మీకు ఈ భయం మొదటినుంచీ అక్కర్లేదు. ఆ రిలీజ్ వేరు, మీ రిలీజ్ వేరు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాలో మీది సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు బదిలీ. కొత్త యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్ పట్టుకుని మీ డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గరికి వెళ్లి రిలీజ్ తేదీ ఖరారు చేసుకోండి. ఆ తేదీ దాటాక మీ రికార్డు కొత్తవాళ్ల చేతికి వెళ్తుంది, వాళ్లు కొత్త ఐ-20 (మీ విద్యార్థి హోదాకి ఆధారమైన పత్రం) ఇస్తారు. మీరు స్టేటస్‌లో, అంటే వీసా నియమాలు పాటిస్తూ, ఉన్నంతవరకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చిందనో, డిపార్ట్‌మెంట్‌కి ఇష్టం లేదనో దాన్ని ఆపే నియమం లేదు. ఫీజు బాకీ ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ పట్టుకుని కూర్చోగలరు, అది వేరే తలనొప్పి, ముందే కట్టేయండి. విడుదల తేదీకి, కొత్త క్లాసులకి మధ్య అయిదు నెలలు దాటకూడదు. తేదీ వచ్చేలోపు మనసు మారితే ఆపించుకోవచ్చు, దాటాక పాత కాలేజీ చేతిలో ఏమీ ఉండదు. క్యాంపస్‌లో ఉద్యోగం ఉంటే ఆ తేదీతోనే ముగుస్తుంది. చాలామంది తేదీ తొందరగా పెట్టించుకుని ఆఖరి జీతాలు పోగొట్టుకునేది అందుకే.

మరో మాట. 2025 ఆగస్టులో ప్రభుత్వం కొత్త ప్రతిపాదన పెట్టింది. అందులో మొదటి ఏడాది బదిలీల మీద, పీజీలో ప్రోగ్రాం మారడం మీద ఆంక్షలున్నాయి. కాబట్టి మీరు దరఖాస్తు చేసేనాటికి అమల్లో ఉన్న నియమమేదో డీఎస్ఓనే అడగండి, గ్రూపుల్లో కాదు. మెయిల్‌లో అడగండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. "ఆఫీసులో ఎవరో అన్నారు" అంటే నా దగ్గర చెల్లదు, ఎక్కడా చెల్లదు.

ఆటగాళ్లతో పోల్చుకుని, పేపర్‌కి ఎక్కితే పని జరుగుతుందనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వెనక అభిమానులున్నారు, టీవీలున్నాయి. మీ వెనక ఉన్నది మీ మెయిల్ ఇన్‌బాక్సే. ఆ మాటకొస్తే వీసా విషయంలో వాళ్లలోని విదేశీయులూ మనలాంటివాళ్లే. పర్డ్యూ యూనివర్సిటీలో ఏడడుగుల జాక్ ఎడీ దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా నిలిచినా, కెనడా నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడు కావడంతో తోటి ఆటగాళ్లలా ఇక్కడ ప్రకటనల డబ్బు తీసుకోలేకపోయాడు. కాబట్టి క్యాష్ ఇస్తామనే బయటి పని ఎవరైనా చూపిస్తే అటు చూడకండి. స్టేటస్ పోతే అప్పుడు నిజంగానే బదిలీ ఆగుతుంది.

ఆ తమ్ముడి బదిలీ మామూలుగా అయిపోయింది. మీదీ అవుతుంది. అడ్మిషన్ లెటర్ చేతిలో ఉంటే రేపు పొద్దున్నే డీఎస్ఓ ఆఫీసుకి వెళ్లండి, పాస్‌పోర్టూ ఐ-20 కూడా పట్టుకెళ్లండి. రాత్రి పన్నెండుకి నాకు ఫోన్ చేయకండి.