పొలంలో శిక్షణ విమానం పడితే ముందుగా చేయాల్సినవి

గన్నవరం నుంచి తెనాలి దాకా ఇంజిన్ ఆగిపోయిన చిన్న విమానానికి ఎక్కువ చోట్ల దొరికేది మాగాణే. సెస్నా 172 లాంటిది తడి మడిలో దిగితే ముందు చక్రం బురదలో కూరుకుపోయి, తోక లేచి విమానం తిరగబడే ప్రమాదం ఉంది. శిక్షణలో ఎడమ సీట్లో నేర్చుకునేవారు, కుడి సీట్లో నేర్పేవారు ఉంటారు. సోలో అయితే ఒక్కరే.

పరుగెత్తే ముందు పైకి చూడండి. కరెంటు తీగ తెగి ఉంటే కరెంటు శాఖ నంబరు 1912కి చెప్పి లైను ఆపించేదాకా నీళ్ల మడిలో కాలు పెట్టకండి. ఈలోగా ఇంకొకరు 112కి ఫోన్ చేసి ఊరు, కాలువ పేరు, అంబులెన్సు ఎందాకా రాగలదో, విమానం మీద వీటీ (VT)తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలేమిటో చెప్పాలి.

గాలి వీపుకు తగిలేలా, రెక్క వెనక వైపు నుంచి దగ్గరికి వెళ్లండి. ప్రొపెల్లర్ ఆగి ఉన్నా దాని జోలికి పోవద్దు. మాగ్నెటో (ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చే పరికరం) కీ ఆన్‌లో ఉంటే బ్యాటరీ లేకపోయినా స్పార్క్ వస్తుంది. చేత్తో కొంచెం తిప్పినా ఇంజిన్ ఒక్కసారి తన్నొచ్చు.

సెస్నా 172 రెక్కల్లో రెండు వందల లీటర్ల దాకా పెట్రోలు పట్టొచ్చు. విమానాలకు వాడే 100 ఎల్ఎల్ రకం పెట్రోలు నీలంగా ఉంటుంది. అది నీళ్ల మీద తేలి గట్టుదాకా పాకుతుంది, ఆవిరేమో నేలబారునే ఉంటుంది. బీడీ ఆర్పేయాలి, దగ్గర్లో బండి స్టార్ట్ చేయకూడదు. మంట లేస్తే బకెట్లతో నీళ్లు కుమ్మరించకండి, మండే పెట్రోలు ఇంకా పరుచుకుంటుంది. డ్రై పౌడర్ సిలిండర్ ఉంటే మంట మొదట్లో కొట్టండి.

మంట, పెట్రోలు వాసన లేకపోతే క్షతగాత్రుల్ని లాగేయొద్దు. మెడ కదలకుండా పట్టుకుని 108 వాళ్ల కోసం ఆగండి. మంట ఉంటే మాత్రం మెడ సంగతి తర్వాత, ముందు బయటికి లాగాలి. అందరూ తప్పుచేసేది తిరగబడ్డ విమానంలోనే: వేలాడుతున్న మనిషి బెల్టు ముందు విప్పేస్తే తల కింద పడి మెడ విరగొచ్చు. ఒకరు భుజాల కింద చేతులు పెట్టి బరువు మోస్తుంటే, రెండోవారు బకిల్ తీయాలి. పైపర్ ఆర్చర్ లాంటి విమానమైతే తలుపు కుడివైపు ఒక్కటే, పక్క గడియతో పాటు పైన ఇంకో గడియ ఉంటుంది. ‘రాకెట్’ అని హెచ్చరిక స్టిక్కరుంటే (సిర్రస్ విమానాల్లో ఉంటుంది) ఆ చోట కోయకండి, విమానాన్ని మొత్తంగా దించే పారాచూట్‌ను ఎగదోసే రాకెట్ పేలొచ్చు.

పైలట్ స్పృహలో ఉంటే స్విచ్‌లు ఆయన్నే ఆపమనండి. లేకపోతే సెస్నాలో ఎర్ర మిక్స్చర్ నాబ్ (ఇంజిన్‌కు పెట్రోలు అందడాన్ని నియంత్రించేది) మీ వైపు లాగి, కీ ఆఫ్ చేసి, సీట్ల మధ్య నేల మీదున్న ఫ్యూయల్ వాల్వ్ మూసేయండి. ముట్టుకునే ముందు ఒక ఫోటో తీయగలిగితే మంచిది, కానీ మంటల్లో ఫోటో కోసం ఆగొద్దు.

ఫోటో ఎందుకంటే, ఇలాంటి చిన్న విమానాల్లో చాలావాటికి బ్లాక్ బాక్స్ ఉండదు. మీటలు ఎక్కడున్నాయి, వాల్వ్ ఎటు తిరిగి ఉంది అన్నది దర్యాప్తుకు ముఖ్యమైన ఆధారం. మీరు కదిపినవేవో పోలీసులకు చెప్పండి. ప్రాణాలు కాపాడటానికి తప్ప శకలాలు కదపకూడదు. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ అనుమతి వచ్చేదాకా ట్రాక్టరుతో లాగి చేను ఖాళీ చేయించుకోవడం కుదరదు.