గోడకు బూడిద నీలం వేయించే ముందు బల్బు చూడండి

గోడలకు బూడిద కలిసిన నీలం వేయించాలనుకునేవారు షేడ్ కార్డు ఒక్కటే చూసి డబ్బాలు కొనకండి. తపాలా బిళ్ళంత ముక్కలో హుందాగా కనిపించిన రంగు, నాలుగు గోడలకూ పరుచుకున్నాక మరింత నీలంగా తోస్తుంది. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, తెల్లటి చార్టు మీద రెండు పూతలు వేసి ఆరనివ్వండి. దాన్ని ఒక్కో గోడకూ ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి.

అసలు కిటుకు ఆ దీపాల వేళలోనే ఉంది. 6500 కెల్విన్ (వెలుగు ఛాయను చెప్పే కొలత) తెల్లటి ట్యూబులైటు కింద ఈ రంగు ఆసుపత్రి వరండాలా చల్లగా, బోసిగా మారిపోతుంది. మా పడకగదిలో అదే జరిగింది. మళ్ళీ రంగు వేయించకుండా 3000 కెల్విన్ పసుపు వెలుగు బల్బులు పెట్టాం. అదే గోడ వానకు ముందరి మబ్బులా మెత్తబడింది! ఈ అంకె బల్బు అట్టపెట్టె మీదే ఉంటుంది.

కిటికీ ఉత్తరానికి మాత్రమే ఉన్న గదిలోకి ఎండ అంతగా రాదు. అక్కడ నీలం తగ్గించి, కాస్త గోధుమ ఛాయ ఉన్న బూడిద రంగు ఎంచుకోవడం నయం. సాయంత్రపు ఎండ పడే పడమటి గదికైతే నిశ్చింతగా వేయించండి.

సీలింగుకు మల్లెపూవు తెలుపు వద్దు, ఐవరీ వేయించండి. రంగుల చక్రంలో నీలానికి ఎదురు రంగు నారింజ; ఎదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి ఎత్తిచూపుతాయి. అందుకే ఈ గోడ పక్కన టేకు తలుపు, ఇత్తడి కుంది, మట్టి కుండీ ఎంతో నిండుగా కనిపిస్తాయి. మేమైతే ఆవాల పసుపు రంగు మంగళగిరి నూలు తెర కట్టాం.